గీతల గడి, చుక్కల గడి

నా భార్యకు లేత పసుపు కనబడ్తలేదని మాకు తెలిసింది ఎవరిదో థీసిస్‌ల ఉన్న ఒక పట్టిక వల్ల. అది ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, కిటికీ పక్కన ల్యాప్‌టాప్ ముందట కూసొని ఇద్దరం ఆ పట్టికను సరిచూస్తున్నం.

నేను చేసేది థీసిస్‌లు కూర్చే పని. కంది ఊర్ల, పెద్ద క్యాంపస్‌కు దగ్గర్ల, రోడ్డు మీద ఒక జిరాక్స్ దుకాణం వెనక అర్ర కిరాయికి తీసుకొని కంప్యూటర్ పెట్టుకున్న. అంతకుముందు సంగారెడ్డిల పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసేటోన్ని. పత్రికలన్నీ ఫోన్లల్లకు పోయినంక ఆ పని పల్చబడ్డది. అప్పుడే పరిశోధన చేసే పిల్లలు "అన్నా, మా థీసిస్‌కు మార్జిన్లు సరిచేస్తవా" అని వచ్చుడు మొదలైంది. అట్లట్ల కంప్యూటర్‌ల పేజీలు కూర్చే లాటెక్ నేర్చుకున్న. అది మౌస్‌తోని గుంజి పెట్టే పని కాదు. ఏ అక్షరం ఎక్కడుండాలె, ఏ గడి ఎంత వెడల్పుండాలె, అన్నీ ఆజ్ఞల లెక్క రాయాలె. రాసి నడిపిస్తే పేజీ తయారై వస్తది. ఒక్క బ్రాకెట్ తప్పితే రాదు. లోపల రాసింది సగం నాకు అర్థం కాకపోయేది గని, పేజీని చూసి ఎక్కడ వంకరున్నదో చెప్పుడు మాత్రం వచ్చింది.

ఆమె చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. కాజీపల్లి దిక్కు ఒక మందుల కంపెనీల, క్వాలిటీ ల్యాబ్‌ల పని. మా పెండ్లికి ముందు నుంచి ఆ ల్యాబే. మేం ఉండేది కిష్టారెడ్డిపేటల, అపార్ట్‌మెంట్‌ల. పొద్దుగాల కంపెనీ బస్సు ఆమెను తీస్కపోయేది, నేను బండి మీద కంది పోయేటోన్ని. మాకు పిల్లలు లేరు. సెలవు దినాలల్ల ఆమె నా పక్కన కూసొని అంకెలు చదివేది. స్కాలర్ ఇచ్చిన కాగితం ఆమె చేతుల, నేను కూర్చిన పేజీ నా ముందట. దశాంశం తర్వాత చివరి సున్నను గూడ ఇడిసిపెట్టకపోయేది. జల్దీ కానియ్యమంటే, "సున్న రాసిన్రంటే సున్న దాంక కొలిచిన్రన్నట్టు. ఊకెనే పెట్టరు" అనేది.

ఆ ఆదివారం మా ముందట ఉన్నది ఒక అమ్మాయి థీసిస్. ఈ చుట్టుపక్కల పొలాలల్ల మట్టి తీసి పరీక్షలు చేసింది ఆ పిల్ల. పెద్ద పట్టిక. పేజీని అడ్డంగ తిప్పితే గని పట్టలేదు. మట్టి మంచిగున్న గడికి లేత ఆకుపచ్చ, అనుమానమున్న గడికి లేత పసుపు, చెడిపోయిన గడికి లేత నీలం వేసిన.

ఆమె తెర మీదికి వంగి, "గీ వరుసల రంగు మర్చిపోయినవ్" అన్నది.

"ఏడ?"

"గిదో, నడుమ. తెల్లగనే ఉన్నయి."

"పసుపుంది గద."

"ఏది పసుపు? పరాచికాలాడకు."

తెర వంకరగ ఉన్నదేమో అని జరిపిన. వెలుతురు పడ్తుందేమో అని కిటికీ తెర దించిన. తెల్లగనే ఉన్నదన్నది. ఇంట్ల ఉన్న చిన్న ప్రింటర్‌ల పేజీ తీసి చేతికిచ్చిన. పట్టుకొని బాల్కనీలకు పోయింది. ఎండల పెట్టి చూసింది, నీడల పెట్టి చూసింది. నేను గడప కాడ నిలబడ్డ.

"ఆకుపచ్చ, నీలం ఒక్కతీర్గనే ఉన్నయి" అన్నది. "పసుపైతే లేనే లేదు."

నాకు నవ్వొచ్చింది మొదలు. ఆమె నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మల్ల ఇప్పింది.

"ల్యాబ్‌ల గూడ గిట్లనే అయితుంది" అన్నది.

అప్పుడు చెప్పింది. ఆమె రోజూ చేసే ఒక పరీక్ష ఉంటది. గాజు గొట్టం నుంచి ద్రావణం చుక్క చుక్క వదులుతుంటే, కింద ఫ్లాస్కుల ఉన్న నీలం రంగు ఒక్క చుక్కతోని ఆకుపచ్చకు తిరుగుతది. తిరిగిన చుక్క కాడనే ఆపాలె. ఆ తిరుగుడు తనకు తెలుస్తలేదన్నది. పక్కన పనిచేసే అమ్మాయిని "తిరిగిందా? జెర చూడు" అని అడిగి, ఆమె తిరిగిందంటే ఆపుతున్నదట.

"ఎప్పటి సంది?"

"ఎండాకాలం ముందటి సంది. అద్దాలు మార్చాలేమో అనుకున్న."

 లోపట తిన్న పళ్ళేలు అట్లనే ఉన్నయి. ఆమె పోయి అవి కడిగింది.

పట్నంల పెద్ద కండ్ల దవాఖానకు పోయినం. అక్షరాల బోర్డు మీద చివరి వరుస దాంక చదివింది ఆమె. నరం మంచిగున్నది, లోపటి పొర మంచిగున్నది అన్నరు. తర్వాత డాక్టరమ్మ ఒక పెట్టె తెచ్చి ముందట పెట్టింది. దాన్ల బిళ్ళలు, ఒక్కొక్కటి ఒక్కో రంగు. ఏ రంగు పక్కన ఏ రంగు దగ్గరగ ఉంటదో చూసి వరుసగ పేర్చాలె.

ఆమె నిమ్మళంగ పేర్చింది. ల్యాబ్‌ల ఎట్ల కూసుంటదో అట్లనే, నడుం నిలువుగ పెట్టి, చెయ్యి వణకకుండ. నేను వెనక నిలబడి చూస్తున్న. నీలం పక్కన ఆకుపచ్చ పెట్టింది, దాని పక్కన ఊదా పెట్టింది, మల్ల ఆకుపచ్చ పెట్టింది. ఒక బిళ్ళను తీసి, ఆలోచించి, ఇంకా తప్పు జాగల పెట్టింది. అది కాదని నా నోటి దాంక వచ్చింది, ఆపుకున్న. అంతా అయినంక, "అయిపోయింది మేడం" అన్నది. ఆమె మొఖం పరీక్ష మంచిగ రాసి బయటికొచ్చిన పిల్ల లెక్కనే ఉన్నది.

డాక్టరమ్మ పెట్టె మూత పెట్టి, "ఎక్కడ పనిచేస్తారు?" అని అడిగింది. చెప్పినం. ల్యాబ్‌లో ఏమేం వాడతారని అడిగింది. ఆమె పేర్లన్నీ చెప్పింది, ఏది ఎంత ఘాటు ఉంటదో గూడ చెప్పింది.

"ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ల్యాబ్‌లో ఆ రసాయనాల ఆవిర్ల వల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు. దాని వల్లనే అని నేను రాసివ్వలేను. ఇంకో కారణం ఉందేమో పరీక్షలు చేయిద్దాం. ఈలోపు ఆ గాలికి దూరంగా ఉండటం మంచిది."

"పోయింది మల్ల వస్తదా మేడం?" నేనే అడిగిన.

"వస్తుందని చెప్పను. ఇంకా పోకుండా చూసుకోవాలి."

తర్వాతి పరీక్షలల్ల ఏ కారణం దొరకలేదు. షుగర్ లేదు, ఇంకోటి లేదు. దొరికితే దానికి మందుంటుండె గద అని నాకనిపించింది. రోగం లేదన్న మాట విని పరేషాన్ అయ్యుడు నాకు అదే మొదలు.

దవాఖాన నుంచి బస్సుల వస్తుంటే పటాన్‌చెరు దాటినంక ఆమె అడిగింది, "నేను గుడ్డిదాన్నైతే కాదు గద?"

"కాదు."

"అక్షరాలన్నీ కనబడ్తున్నయి."

"కనబడ్తున్నయి."

"మరి ఎవరికన్న ఏమని చెప్పాలె?"

నేను దవాఖాన కాగితాలు మడిచి సంచిల పెట్టిన.

ఆ వారంలనే మట్టి మీద థీసిస్ రాసిన అమ్మాయి దుకాణానికి వచ్చింది. వాళ్ళ గైడ్ పట్టిక చూసి కసిరిండట. పరీక్షించేటోళ్ళకు పోయే కాపీలు నలుపు తెలుపుల పోతయి, నీ రంగులన్నీ ఒక్క బూడిద రంగైతయి, ఏ మట్టి మంచిదో ఏది చెడ్డదో ఎవరికి తెలుస్తది అన్నడట.

"అన్నా, రంగులు తీసేసి గడులల్ల గీతలు, చుక్కలు నింపొచ్చా?" అని అడిగింది.

మా ఇంటి సంగతి ఆ పిల్లకు తెల్వదు. నేను చెప్పలేదు. చేద్దామన్న.

చేద్దామన్న గని చేతనైతదో లేదో తెల్వదు. గడికి రంగు నింపుడు ఒక్క ఆజ్ఞతోని అయిపోతది. గీతలు నింపుడు అట్ల కాదు. ముందుగాల గడి ఎక్కడ మొదలైతదో ఎక్కడ అయిపోతదో కంప్యూటర్‌కు గుర్తు పెట్టియ్యాలె, దాని వెనకంగ బొమ్మ గీయించాలె. ఒక్కసారి నడిపిస్తే గీతలు పోయి పక్క గడిల పడేటివి. రెండోసారి నడిపిస్తేనే తమ జాగల కూసునేటివి. కూసున్నా గడి అంచుల పొంటి తెల్లటి సందు మిగిలేది. సందు పోయేటట్టు చేస్తే గీతలు అంకెల మీదికి ఎక్కేటివి. దినమంతా కొట్లాడి, సగం పనిచేసే పేజీ ఒకటి ఇంటికి తెచ్చిన.

నేను చూపెట్టలేదు. బ్యాగుల నుంచి ఆమెనే తీసింది. చాయ్ పెట్టి, కిటికీ పక్కన కూసొని చూసింది.

"గీ మూడు ఎనిమిది లెక్క కనబడ్తుంది" అన్నది. "గీత అడ్డమొస్తుంది."

మరుసటి సాయంత్రం నుంచి ఇద్దరం కూసున్నం. అంకె కింద చిన్న తెల్ల పట్టీ పరిచి, దాని చుట్టూర గీతలు పోయేటట్టు చేసిన. మంచి మట్టికి ఖాళీ గడి పెట్టినం. అనుమానం ఉన్నదానికి చుక్కలు. చెడిపోయినదానికి ఏటవాలు గీతలు. చుక్కలు సన్నగ పెడితే జిరాక్స్ తీసినప్పుడు అన్నీ కలిసి మసి పూసినట్టయ్యేటివి. ఆమెనే, "చుక్కలు తగ్గియ్యి, దూరం దూరం పెట్టు" అన్నది. జిరాక్స్ మీద జిరాక్స్ తీయించి చూసినం, మూడో కాపీల గూడ నిలబడ్డయి.

పట్టిక పూర్తయిన సాయంత్రం ఆమె వేలు పెట్టి మొత్తం చదివింది. "ఇది ఖాళీ. ఇది ఖాళీ. ఇది చుక్కలది. గీతలది, గీతలది, గీతలది." చివరి దాంక ఒక్కటి తప్పలేదు. అయినంక కాగితం పక్కకు పెట్టి నా దిక్కు చూసింది. దవాఖానల ఉన్న మొఖం కాదు అది. ఎంత కోల్పోయిందో ఆమెకు ఆ రోజే పూర్తిగ తెలిసిందని నాకనిపించింది.

"కంపెనీల చెప్తా" అన్నది.

"ఇంకొన్ని దినాలు ఆగుదాం. పక్కన ఆ పిల్ల ఉన్నది గద చూడనీకి."

"అది మందు. ఎవరో మింగుతరు."



మరుసటి రోజు పోయి ల్యాబ్ మేనేజర్‌కు చెప్పింది. ఆయన చెడ్డోడేం కాదు. కుర్చీ చూపించి కూసోమన్నడట. అంతా విని, "రంగు కనబడకపోతే ల్యాబ్‌ల ఎట్లమ్మా" అన్నడట. కోపంతోని కాదు, నిజంగనే ఎట్లనో తెల్వక. పక్కమ్మాయి చూసి చెప్పిన పరీక్షలన్నీ మల్లొకసారి చేయించిన్రు. ఒక్కటి గూడ తప్పు రాలేదు. ఆ మాట ఇంటికొచ్చి నాకు మల్ల మల్ల చెప్పింది ఆమె.

ఆమెను గోదాంకు మార్చిన్రు. అక్కడ డ్రమ్ముల మీద లేబుళ్ళు అంటిస్తరు. ఇంకా పరీక్షల ఉన్న సరుకుకు పసుపు, పాసైనదానికి ఆకుపచ్చ, ఫెయిలైనదానికి ఎరుపు. ఎరుపు ఆమెకు కనబడేది. పసుపు తెల్లకాగితం లెక్క, ఆకుపచ్చ నీలం లెక్క. లేబుల్ మీద అక్షరాలు ఉంటయి గని చిన్నయి. ఆమె ప్రతి డ్రమ్ము కాడికి పోయి, వంగి, చదివి, అప్పుడు చెయ్యి ఊపేది. డ్రమ్ములెత్తే బండి నడిపే బీహార్ ఆయన పైనుంచి, "దీదీ, జల్దీ బోలో, పీలా హై యా హరా?" అని, పసుపో ఆకుపచ్చో చెప్పుమని అరిచేటోడట. ఆయనకు సంగతి తెల్వదు. తెలిసినంక అరుచుడు బంజేసిండు. బండి దిగి వచ్చి, తనే చూసి చెప్పుడు షురూ చేసిండు. అదే ఆమెకు ఎక్కువ బాధయింది.

ఒకనాడు రాంగనే చెప్పులు ఇడవకుండనే అడిగింది. "మనం ఆ థీసిస్ పిల్లకు చేసినట్టు లేబుళ్ళకు చేయొచ్చు గద? రంగులు అట్లనే ఉండనీ. పసుపు మీద చుక్కలు, ఆకుపచ్చ మీద గీతలు."

చేసినం. ఎరుపు మీద జాలీ వేసినం, అడ్డం గీతలు నిలువు గీతలు కలిపి. అక్షరాల కింద తెల్ల పట్టీ పెట్టినం. గోడకు అంటించి, అర్ర అవతలి కొసకు పోయి నిలబడి చూసింది. "అక్కడి నుంచి గూడ కనబడ్తుంది, అక్కడి నుంచి గూడ" అన్నది. అన్ని దినాలల్ల ఆమె గొంతుల సంబురం విన్నది ఆ ఒక్క సాయంత్రమే. నమూనాలు అట్టముక్కల నడుమ పెట్టి, ముడత పడకుండ బ్యాగుల పెట్టుకొని పోయింది.

మేనేజర్ చానాసేపు చూసిండట. "మంచిగ చేసిన్రమ్మా. ఎవరు చేసిన్రు, మీ ఆయనా?" అని అడిగిండట. తర్వాత, "లేబుల్‌ల గీత మారాలన్నా పై ఆఫీసుల ఒప్పుకోవాలె. పద్ధతి పుస్తకాలన్నీ మార్చాలె. ఒక్కరి కోసం అయ్యే పని కాదు" అన్నడట.

ఆమె అన్నది, "ఒక్కరే అని మీకెట్ల తెలుసు సార్?"

ఆయన నమూనాలు అట్టముక్కల నడుమ పెట్టి మల్ల ఆమె చేతికే ఇచ్చిండు.

ఆ తర్వాత ఆమెను లేబుళ్ళ కాడి నుంచి తీసి, పాత కాగితాలు సర్దే గదిల కూసోబెట్టిన్రు. పోతే పో అని ఎవ్వరనలేదు. పని చెప్పుడు మాత్రం తగ్గించిన్రు. తర్వాత చెప్పుడే బంజేసిన్రు. పొద్దంత కుర్చీల కూసొని వచ్చేది. ఇంటికొచ్చి, అలసిపోయిన అనేది. ఒక నెల చివర రాజీనామా రాసి ఇచ్చింది. వద్దని ఎవ్వరనలేదు. ల్యాబ్ వాళ్ళు కేక్ తెచ్చి కోసిన్రట. ఇంటికి ఒక ముక్క పట్టుకొచ్చింది. ఫ్రిజ్‌ల పెట్టినం. ఇద్దరం తినలేదు.

మట్టి అమ్మాయికి డాక్టరేట్ వచ్చింది. మిఠాయి డబ్బా తెచ్చి, పట్టికను పరీక్షకులు ప్రత్యేకంగ మెచ్చుకున్నరని చెప్పింది. ఆ మాట ఇంట్ల చెప్పాల్నా వద్దా అని ఆలోచించి చెప్పిన. "మంచిది" అన్నది ఆమె. ఇప్పుడు వేరే స్కాలర్లు గూడ గీతల పట్టికలు అడుగుతున్నరు. రంగులే కావాలన్నోళ్ళకు గూడ, రంగు మీద సన్నగ గీతలు పెడ్తనని చెప్తున్న. కొందరు ఒప్పుకుంటరు. కొందరు, అంత గజిబిజి ఎందుకు అన్నా అంటరు. వాళ్ళకు రంగులే వేసి ఇస్త.

ఆమె అంకెలు చదువుతనే ఉన్నది. ఇప్పుడు దినమంతా చదువుతది. మునుపటి లెక్కనే సున్నలు ఇడిసిపెట్టదు. కొన్ని దినాలు మాట్లాడుతది, కొన్ని దినాలు అంకెలు తప్ప ఇంకో మాట నోట్లకెల్లి రాదు. 

మొన్నామధ్య ఆమె అక్క బిడ్డ పెండ్లి కుదిరింది. చీరకని సంగారెడ్డి పోయినం. సేల్స్ అమ్మాయి చీర మీద చీర ఇప్పి, "మేడం, ఇది చిలకపచ్చ, మీకు మస్తు బాగుంటది. ఇది గంధం రంగు" అని చెప్తనే ఉన్నది. ఆమె అన్నిటికి తలూపింది. కొంచెంసేపటికి, "అమ్మా, నువ్వు రంగులు చెప్పకు. ఊకెనే ఇప్పి పెట్టు" అన్నది. ఆ అమ్మాయి బిత్తరపోయి నా దిక్కు చూసింది. ఆమె చీరల అంచులు వేళ్ళ నడుమ పెట్టి చూసి, ఒకదాన్ని పక్కకు తీసింది.

పెండ్లి రోజు చర్చి బయట చుట్టాలల్ల ఒకామె ఆ చీర కొంగు పట్టుకొని, "ఎంత మంచి రంగు దొరికిందే నీకు" అన్నది. మా ఆమె నవ్వి, "అవునా" అన్నది.

బండి మీద తిరిగి వస్తుంటే వెనక నుంచి అడిగింది, "నిజంగ గీ చీర ఏం రంగు?"

"లేత పసుపు. దాని మీద కొంచెం పచ్చదనం."

"అట్ల కాదు. ఎట్లుంటదో చెప్పు."

నేను చెప్పబోయిన. మామిడి పండు అందామంటే అది కాదు. పొద్దుటి ఎండ అందామంటే అది గూడ కాదు. హైవే మీద లారీలు పోతున్నయి, గాలికి మాట సగమే వినబడ్తుంది. బండి పక్కకాపి, వెనకకు తిరిగి చీరను చూసుకుంట ఇంకేదో అనబోయిన.

"చాలు తియ్" అన్నది ఆమె. "పొద్దుపోతుంది, పోదాం పా."